పదకొండున్నర పాటలు

మూడో అంతస్తు గది, పళ్ళ డాక్టరు పైన
ఫిబ్రవరి 3

అక్కకి,

ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేదానికి ఇంత ఉత్తరమా అని బావ నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. ఈ ఫోను కంపెనీది. ఇందులో నేను కూనిరాగం తీసినా అది కంపెనీ సొత్తేనని ఒప్పందంలో ఉంది. కంప్యూటరూ అంతే. ఈ గదిలో బల్లకీ, కుర్చీకీ, దీపానికీ, చివరికి చెత్తబుట్టకి కూడా కంపెనీ పేరూ నంబరూ ఉన్న చీటీలు అంటించి ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఇక్కడే కూర్చుని పాటలు రాస్తున్నాను కదా, నా వీపు మీద కూడా ఒకటి ఉందేమో ఎవరినైనా అడిగి చూడాలి.

ఇన్నాళ్ళూ నీకు పైపైన చెప్పాను. ఇవాళ ఉన్నదున్నట్టు చెప్తాను.

ఈ పాటల కంపెనీ నాకు నెలనెలా ఇచ్చేది జీతమని అందరితోనూ చెప్పుకున్నాను. అది జీతం కాదు, అడ్వాన్సు. నా పాట రేడియోలో వచ్చినా, దుకాణంలో మోగినా, ఎవరో వేదికెక్కి పాడినా వాళ్ళు రాయల్టీ కట్టాలి. దాన్ని వసూలు చేయడానికి ఒక సంఘం ఉంది. వాళ్ళు మాటలకు సగం, రాగానికి సగం విడదీసి పంపుతారు. నా వంతు ముందు కంపెనీకి వెళ్ళి, నా అడ్వాన్సు అనే నూతిలో పడుతుంది. నుయ్యి నిండి పొర్లితే అప్పుడు నాకు. అది నిండేలోపు ఇంకో నెల అడ్వాన్సు తీసుకుని నేనే ఇంకో బారెడు తవ్వుతాను.

అదైనా భరించొచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. నా ఒప్పందానికి ఆఖరు తేదీ లేదు, ఆఖరు అంకె ఉంది. పన్నెండు పాటలు. అవి ఇస్తే నేను విడుదల. ఇవ్వడమంటే రాసి ఇవ్వడం కాదు. వాళ్ళు ఒప్పుకుని, ఎవరిచేతనైనా పాడించి, జనంలోకి వదలాలి. నేను ఇప్పటికి అరవై రెండు రాశాను. ఏవి ఒప్పుకోవాలో చూసే పెద్దమనిషికి మేమందరం సరేగానీ అని పేరు పెట్టుకున్నాం. ఏ పాట వినిపించినా కళ్ళు మూసుకుని విని, "సరే గానీ..." అని మొదలుపెడతాడు. ఆ 'గానీ' తర్వాత పాట బతికి బయటపడదు.

నా లెక్క ఇప్పుడు పదకొండున్నర. ఆ అర మన పాటే. 'తీసుకెళ్ళు, పలుకుతుంది.' మిగతా వాటిలో మాటా రాగం రెండూ నావే. ఇందులో రాగం నీది. ఇద్దరు కలిసి చేస్తే ఒక్కొక్కరికి అర పాట కింద రాసుకుంటారు. కింద డాక్టరుగారి గదిలో అది రోజుకి నాలుగుసార్లు వస్తుంది. ఎవరి పన్నో అరగదీస్తుంటే ఆ మోత మీదుగా నీ రాగం పైకి వస్తుంది.

మన పాత బ్యాండులో డప్పులు వాయించిన గురక గుర్తున్నాడా, కూర్చునే నిద్రపోయేవాడు? వాడు ఇప్పుడు నాటక బృందం పెట్టాడు. ఏప్రిల్ ఒకటిన బయల్దేరి ఏడాదంతా ఊళ్ళు తిరుగుతారట. పాటలకి నన్ను రమ్మన్నాడు. నాకు వెళ్ళాలని ఉందక్కా. చాలా ఉంది. నేను ఇక్కడ ఊపిరాడక రాస్తున్నాను.

దీంతో ఒక కాగితం పెట్టాను. ఆ పాటలో నీకు ఏ పాత్రా లేదని ఉంటుంది. నువ్వు సంతకం పెట్టి, ఒక సాక్షి చేత పెట్టిస్తే, అది పూర్తిగా నా పాట అవుతుంది. పన్నెండు నిండుతాయి. నిజం మనిద్దరికీ తెలుసు కదా, కాగితంలో ఏముంటే ఏం? నీ వంతు డబ్బు నేను బయటపడ్డాక నా చేత్తోనే పంపిస్తాను.

తమ్ముడు


వాద్యాల మరమ్మతు షాపు, వంతెన కింద
ఫిబ్రవరి 10

ఒరేయ్ తొందరా,

ఎనిమిదో నెలకే పుట్టినవాడివి, నీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఉత్తరం సోమవారం చేరితే బుధవారం నుంచి నీ ఫోను! ఎత్తితే ఏం మాట్లాడతావు, అది కంపెనీదంటివి కదా.

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. నూతి ముక్క దగ్గర బావ నవ్వలేదు. ఆయన బస్సులో మన పాట వచ్చినప్పుడల్లా సౌండు పెంచుతాడట. "మా ఆవిడ కట్టిన రాగం" అని టికెట్లు కొట్టేవాడికి చెబితే, వాడు "మా ఆవిడ కూడా పాడుద్దిలే సార్" అన్నాడట. అప్పటినుంచి చెప్పడం మానేశాడు.

నాలుగేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని, నాకు మాత్రం గదిలోంచి నది కనిపిస్తుందని రాశావు. అసలు కనిపిస్తుందా, అదీ అబద్ధమేనా?

షాపులో పని బాగానే ఉంది. మొన్న ఒక ముసలాయన అకార్డియన్ తెచ్చాడు. దాని తిత్తికి ఎలుక కన్నం పెట్టింది. తోలు అతికి, రీడ్లు అన్నీ తీసి తుడిచి, శ్రుతి సరిచేశాను. పుచ్చుకుంటూ ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంకేదో ఉందన్నట్టు. తర్వాత వెళ్ళిపోయాడు.

నీ సీలు కవర్లు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. బ్యాండు మాస్టారు చెప్పినట్టు ఒక్కటీ విప్పలేదు. మొత్తం ముప్ఫై ఒకటి. కొత్త రాగం కట్టిన రోజే స్వరాలు రాసి, కవరులో పెట్టి, అతుకు మీద పోస్టు ముద్ర వేయించి, ఒకళ్ళకొకళ్ళు పంపుకోండర్రా అనేవాడు గుర్తుందా? ఎవడైనా మాదే అంటే తేదీ సాక్ష్యం చెబుతుంది అని. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను చూడగానే కవరు తిరగేసి అతుకు మీద ముద్ర కొట్టేది, చెప్పక్కర్లేకుండా.

నీ కాగితం అందింది. సంతకానికేముంది, పెడదాం. సాక్షి కావాలన్నావు, బావకి ఈ వారం పొద్దున్న డ్యూటీ. చూస్తాను. వేళకి తిను.

అక్క


మూడో అంతస్తు గది
ఫిబ్రవరి 21

అక్కకి,

నది కనిపించదు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. వర్షం వస్తే అది పొర్లుతుంది, అంతవరకూ నిజమే.

ఈ వారం సరేగానీకి రెండు పాటలు వినిపించాను. మొదటిదానికి "సరే గానీ, మరీ దిగులుగా ఉంది" అన్నాడు. రెండోదానికి "సరే గానీ, దిగులు సరిపోలేదు" అన్నాడు. పక్క గదిలో ఉండే రచయిత నాకంటే పాత కాపు. పదేళ్ళ నుంచి పదకొండు దగ్గరే ఆగాడట. "పన్నెండోది ఒప్పుకుంటే నువ్వు పోతావు కదా తమ్ముడూ, పోయేవాడి కోసం వాళ్ళెందుకు ఒప్పుకుంటారు?" అన్నాడు. చెప్పి, బట్టల సబ్బు ప్రకటనకి పాట రాసుకోవడానికి వెళ్ళిపోయాడు. అక్కా, ఆయన నవ్వుతూ చెప్పాడు. నాకు అందుకే భయం వేసింది.

అందుకే ఆ కాగితం. కొత్త పాట అయితే వాళ్ళు ఒప్పుకోవాలి. అర పాట పూర్తిపాట కావడానికి ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. నీ సంతకం చాలు.

నీ షాపు పక్కన పాత పుస్తకాలమ్మే ఆయన ఇక్కడికి పని మీద వచ్చి కనిపించాడు. నువ్వు వాయించడం మానేశావని చెప్పాడు. వాద్యం బాగుచేసి ఇచ్చేముందు కొట్టు గుమ్మంలో నిలబడి ఏదో ఒక రాగం వాయించి, "తీసుకెళ్ళు, పలుకుతుంది" అని చేతిలో పెట్టేదానివి కదా. ఏడాదిగా ఏదీ లేదట, మాట కూడా అనడం లేదట. చెయ్యి నొప్పా? డాక్టరుకి చూపించావా?

కాగితం ఈ వారం పోస్టు చెయ్యి. గురక రోజూ అడుగుతున్నాడు.

తమ్ముడు


వంతెన కింద షాపు
మార్చి 2

తమ్ముడూ,

చెయ్యి బాగానే ఉంది. పుస్తకాలాయనకి పుస్తకాలు తప్ప అన్నీ కావాలి. పనెక్కువగా ఉండి వాయించడానికి తీరిక లేదు, అంతే.

కాగితం ఇంకా పంపలేదు. పంపుతాను.

ఒక్క మాట అడుగుతాను. మీ కంపెనీలో పూర్తిపాట అంటే ఏమిటని రాసి ఉంది? ఇద్దరు కలిసి చేస్తే ఎవరికైనా అరేనా? మాటలు ఎక్కువ రాసినా, రాగం మొత్తం కట్టినా? ఊరికే అడిగాను.

అక్క


మూడో అంతస్తు గది
మార్చి 8

అక్కకి,

ఊరికే ఎవరూ అడగరు.

ఇద్దరు చేస్తే ఎవరికైనా అరే. రాగం మొత్తం కట్టినా అరే. నువ్వు ఎందుకడిగావో నాకు అర్థమైంది. పాట ఇప్పుడు అన్నిచోట్లా ఆడుతోంది. మూడు నెలలకోసారి వచ్చే చిట్టాలో చూశాను, విమానాశ్రయాల్లో, జోళ్ళ దుకాణాల్లో, ఎక్కడో ఓడ మీద కూడా. ఇంత ఆడే పాటలో నాకు సగమేనా అనిపించి ఉంటుంది. అనిపించడం తప్పు కాదు. కానీ నేను ఇక్కడ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుంటే అది తూకం వేసే సమయమా?

నేను మాటలు రాసి ఇక్కడిదాకా మోసుకొచ్చాను కాబట్టి నీ రాగం లోకం విన్నది. లేకపోతే అకార్డియన్లు బాగుచేయించుకునేవాళ్ళ చెవుల్లోనే ఉండిపోయేది. ఈ మాట అనకూడదనుకున్నాను. ఐదు వారాలుగా ఒక సంతకం కోసం అడుక్కుంటున్నాను, అందుకే అన్నాను.

ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. పెట్టనంటే పెట్టనని రాయి. నేనూ పక్కగదాయనలా నవ్వడం నేర్చుకుంటాను.

తమ్ముడు


వంతెన కింద షాపు
మార్చి 14

తమ్ముడూ,

సంతకం పెట్టాను. కాగితం దీంతోనే ఉంది. సాక్షి సంతకం బావ పెట్టనన్నాడు. పుస్తకాలాయన పెట్టాడు.

వెళ్ళు. చలికి మెడకి ఏదైనా చుట్టుకో, ఊళ్ళు తిరిగేటప్పుడు నీకు గొంతు పట్టేస్తుంది.

అక్క


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
మార్చి 15

బావమరిదికి,

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాను. లీవు చీటీ తప్ప నేను రాసిందేమీ లేదు. తప్పులుంటే సర్దుకో. మీ అక్కకి తెలియకుండా రాస్తున్నా, తెలిస్తే ఇంట్లో నాకు స్టాపు ఉండదు.

సాక్షి సంతకం నేనెందుకు పెట్టలేదో చెప్తాను. మూడేళ్ళ క్రితం మీ పాట ఆడటం మొదలైనప్పుడు, అక్క వంతు రాయల్టీ అక్కకి రావాలంటే కంపెనీ పుస్తకంలో పేరుండాలని నువ్వొక కట్ట పంపావు. పంతొమ్మిది పేజీలు. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెట్టి, "ఊరికే ఫార్మాలిటీ, చదవక్కర్లేదు" అని పైన రాశావు. చదవలేదు. తమ్ముడు చెప్పాడు కదా అని పెట్టేసింది.

అది నీ ఒప్పందమే బాబూ. అంకె మాత్రమే వేరు. నీకు పన్నెండు, ఆవిడకి ఒకటి. ఒక్క పూర్తిపాట ఇచ్చేదాకా ఆవిడ ఏ రాగం కట్టినా కంపెనీదే. ఆవిడ దగ్గరున్నది అర. నీ దగ్గరున్న అరా, ఆవిడ దగ్గరున్న అరా ఒకే పాటలోవి. ఇద్దరూ ఒకే దుప్పటి లాక్కుంటున్నారు, ఆవిడకి ఆ సంగతి తెలుసు, నీకు తెలీదు.

పోయిన ఏడు ఒక పిల్లకి గిటారు ఇస్తూ ఏదో కొత్త రాగం వాయించింది. ఆ పిల్ల తండ్రి వీడియో తీసి అందరికీ పంపాడు. పది రోజుల్లో నోటీసు. అనుమతి లేకుండా కంపెనీ సొత్తు బయటపెట్టారు, మళ్ళీ జరిగితే కేసు అని. ఆ రోజునుంచి కొట్టులో వాయించలేదు. ఇప్పుడు శ్రుతి చూడ్డానికి ఒక మిషను కొంది, పచ్చ లైటు వెలిగితే సరిపోయినట్టు. మీ అక్క చెవికి మిషనా? ఇంట్లో గిన్నెలు కడుగుతూ రాగం అందుకుంటుంది, సగంలో టక్కున ఆపేస్తుంది. నేను ఎర్రలైటు దగ్గర కూడా అంత సడన్‌గా ఆపను.

పూర్తిపాట చేద్దామని వాళ్ళకి మూడు రాగాలు పంపింది. మూడూ తిరిగొచ్చాయి. నీకు చెబుదామంటే "వాడు పెట్టిన గుర్తుల వల్లే ఇరుక్కున్నానని వాడికి తెలిస్తే వాడు జన్మలో అక్కడినుంచి కదలడు" అంది. ఇప్పుడు ఆ అర కూడా నీకిచ్చేస్తే ఆవిడది సున్నా అవుతుంది.

వెళ్ళొద్దని చెప్పడం లేదు. వెళ్తే తెలిసి వెళ్ళు.

బావ


మూడో అంతస్తు గది
మార్చి 24

అక్కా,

బావ ఉత్తరం రాశాడు. ఆయన్ని ఏమీ అనకు. అంటే నా మీద ఒట్టే.

నువ్వు పంపిన కాగితం పట్టుకుని సరేగానీ దగ్గరికి బయల్దేరిన రోజే అది చేరింది. మెట్ల మీద చదివాను. రెండుసార్లు చదివాను. పైకెళ్ళి నా ఒప్పందం తీశాను. అందులోనూ పెన్సిలు గుర్తులున్నాయి. నాకు వాటిని ఈ పక్కగదాయన పెట్టి ఇచ్చాడు, "చదవక్కర్లేదు" అని. అవే పేజీల్లో, అవే చోట్ల చూసి నీకు పెట్టాను. నేను పడిన గోతిలోకి నీకు దారి చూపించి, ఆ తర్వాత నీ భుజాల మీద కాలేసి పైకి ఎక్కబోయాను.

ఏడాదిగా నీ దగ్గర్నుంచి ఒక్క సీలు కవరు రాలేదు. నేను గమనించనే లేదు. నాకు ఆ సిగ్గు అన్నిటికంటే ఎక్కువగా ఉంది. నీ రాగం ఆగిపోతే నాకు తెలియాలి కదా, ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు నేను చేసింది విను. తిట్టాలనుకుంటే పూర్తిగా విన్నాక తిట్టు.

నీ కాగితం చింపేశాను. ఇంకోటి రాశాను. 'తీసుకెళ్ళు, పలుకుతుంది' అనే పాటలో నాకు ఏ పాత్రా లేదు, మాటా రాగం రెండూ మా అక్కవే అని. డాక్టరుగారి దగ్గర పనిచేసే ఆవిడ సాక్షి సంతకం పెట్టింది. ఆ పాట రోజూ వింటానని, రాసింది మీరు కాదా, అయ్యో, అని నిజంగానే జాలిపడింది.

సరేగానీ కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"సరే గానీ, నీకు పదకొండే మిగుల్తాయి. తెలుసా?"

"తెలుసండి."

"నీ నూతిలో కాస్తో కూస్తో నీళ్ళు పోస్తున్నది ఆ ఒక్క పాటే. ఇకనుంచి అదంతా ఆవిడకే పోతుంది."

"పోవాలనేనండి."

"ఇలా ఎవరూ రాసివ్వరయ్యా. అందరూ అవతలివాళ్ళ చేత రాయించుకొస్తారు."

నేనూ అలాగే రాయించుకున్నానని ఆయనకి చెప్పలేదు. రూల్సు పుస్తకం తెప్పించి అరగంట వెతికాడు. కాదనడానికి అందులో ఏమీ దొరకలేదు. మనల్ని కట్టేసిన పుస్తకమే అక్కా, ఆయన్నీ కట్టేసింది. ముద్ర వేశాడు. ఏప్రిల్ మొదటివారంలో నీకు విడుదల కాగితం వస్తుంది.

నేను రాసిచ్చింది అబద్ధమే. పల్లవి నీ నోటి మాటే, చరణాలు మాత్రం నావి. రెండో చరణం పదకొండు రోజులు రాశాను. అందులో నాకు ఏ పాత్రా లేదని రాస్తుంటే చెయ్యి ఆగింది. నిన్ను చెప్పమన్న అబద్ధం ఎంత బరువుంటుందో నేను చెప్పినప్పుడు తెలిసింది. చేతులు కాలాక తెలిసింది, అయినా తెలిసింది.

గురకకి రానని చెప్పాను. "నీకోసం కుర్చీ ఖాళీగా ఉంచుతా" అన్నాడు. వాడే దాంట్లో నిద్రపోతాడులే.

తమ్ముడు


వంతెన కింద షాపు
ఏప్రిల్ 7

ఒరేయ్,

నిన్ను తొందరా అని పిలవడానికి కూడా కోపంగా ఉంది. ఎవరినడిగి రాసిచ్చావు? ఆ చరణాలు రాస్తూ నువ్వు నాకెన్ని ఉత్తరాలు రాశావో లెక్క చూపించనా? 'గాలి పోసుకున్న తిత్తి' అన్న మాట పెట్టాలా వద్దా అని మూడు ఉత్తరాలు! ఇప్పుడు వసూళ్ళ సంఘం పుస్తకంలో అవన్నీ నేను రాసినట్టుంటుంది. రేపు ఎవరైనా వచ్చి "అమ్మా, ఈ పాదం అర్థమేమిటి" అంటే నేనేం చెప్పాలి, మా తమ్ముణ్ణడగండి అనా?

నన్ను బయటికి తోసి, లోపల్నుంచి తాళం వేసుకున్నావు. దీన్ని ఉపకారమంటారా? నేను నీకు చెప్పలేదని నీకు బాధ. చెబితే నువ్వు ఇదే చేస్తావనే చెప్పలేదు. ఎనిమిదో నెలకే వచ్చేశావు, ఇందులో మాత్రం మారతావా!

బావని ఏమీ అనలేదు. ఒట్టు వేశావుగా. రెండు రోజులు మాట్లాడలేదు, అది అనడం కిందకి రాదు.

విడుదల కాగితం నిన్న వచ్చింది. నేను చదివాను, పూర్తిగా, చిన్నక్షరాలతో సహా. తర్వాత పుస్తకాలాయన చేత చదివించాను. ఆ తర్వాత బావ చేత. ముగ్గురం ఒకటే అనుకున్నాం, నా రాగాలు నావే.

ఆ అకార్డియన్ ముసలాయన మళ్ళీ వచ్చాడు. ఒక రీడు మొరాయిస్తోందని. మొరాయించడం లేదు, నేను చూశాను. ఊరికే వచ్చాడు. సరిచేసినట్టు నటించి, గుమ్మంలోకి వచ్చి భుజానికి తగిలించుకున్నాను. వేళ్ళు మొదట తప్పు మీటల మీద పడ్డాయి. తర్వాత వాటి దారి అవి వెతుక్కున్నాయి. ఎంతసేపు వాయించానో తెలీదురా. చూసేసరికి ఎదురుగా బస్సు. నిండా జనంతో నడిరోడ్డు మీద ఆపేసి, కిటికీలోంచి మీ బావ. వెనక వాళ్ళు హారన్లు. "ఇంజన్ వేడెక్కిందండీ" అని అందరికీ చెప్పాడట. అకార్డియన్ ముసలాయన చేతిలో పెడితే ఆయన కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చి, "తీసుకెళ్ళు, పలుకుతుంది" అన్నాను. అప్పుడు కదిలాడు. లోపలికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషమో, నీమీద కోపమో నాకే తెలీదు.

ఇంక విను. ఆ పాట మీద వచ్చేదాంట్లో సగం నీ పేరున డబ్బాలో వేస్తాను. వద్దంటే నేను పడను. రెండోది, దీంతో ఒక సీలు కవరు ఉంది. ఏడాదిగా నోట్లో కుక్కుకున్న రాగాల్లో మంచిది. మొత్తం ఉంది. స్వరాలు మాత్రమే రాశాను, నా పేరు ఎక్కడా రాయలేదు. విప్పు. మాటలు రాసుకో, నీ పేరు పెట్టుకో. ఇది విని కూడా ఆ సరేగానీ కాదంటే వాడికి చెవులు లేనట్టే. పన్నెండు నిండుతాయి. మెట్లు దిగి వచ్చెయ్యి.

అక్క


మూడో అంతస్తు గది
ఏప్రిల్ 16

అక్కా,

కవరు అందింది. పోస్టాఫీసు అమ్మాయి నిన్ను మర్చిపోలేదు, ముద్ర సరిగ్గా అతుకు మీదే పడింది. తేదీ స్పష్టంగా ఉంది. నీ విడుదల తర్వాతి తేదీ.

రెండు రోజులు దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. విప్పలేదు. విప్పను. ఒకసారి నీ రాగం పట్టుకుని ఇక్కడికి వచ్చాను, దాంతోపాటు నిన్నూ లాక్కొచ్చాను. దీన్ని ఈ గదిలో విప్పితే, చదువుతూ చదువుతూ నేను కూనిరాగం తీస్తాను. నా సంగతి నాకు తెలుసు. తీశానంటే మరునాటికి ఇది కూడా వీళ్ళదే.

ఇవాళ పొద్దున్న కంపెనీవాళ్ళు సామాను లెక్క చూసుకోవడానికి వచ్చారు. ఏటా వస్తారు. బల్ల, కుర్చీ, దీపం, చెత్తబుట్ట, ఒక్కొక్క చీటీ చూసి టిక్కు పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడు కవరు చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, "దీనికి నంబరు లేదేంటండీ?" అన్నాడు.

"అది మీది కాదండీ," అన్నాను.

నాలుగేళ్ళలో ఈ గదిలో ఆ మాట అనడం అదే మొదలు. వాడు దాన్ని ఉన్నచోట పెట్టేసి వెళ్ళాడు.

పన్నెండో పాట మొదలుపెట్టాను. మంచో చెడో నాదే. సరేగానీ సరే గానీ అంటాడు, అననీ. ఇంకోటి రాస్తాను. చాలా దిగులుగా ఉందక్కా, నీకు దాచను. నిన్న గురక బృందం ఊళ్ళు తిరుగుతూ ఈ వీధిలోంచే వెళ్ళింది, లారీ మీద తెరలూ పెట్టెలూ కట్టుకుని. ఏ కిటికీయో తెలీక వాడు అన్ని కిటికీలకీ చెయ్యూపాడు. నేనూ ఊపాను. చూశాడో లేదో తెలీదు.

కవరు నీ పాత కవర్ల డబ్బాలో పెట్టాను. నువ్వు పెట్టిన పేరుకి మచ్చ తెస్తున్నాను గానీ, ఈ ఒక్కదానికి నాకు తొందర లేదు. మెట్లు దిగే రోజు అది నా చేతిలో ఉంటుంది. దిగి, వీధిలోకి వచ్చి, అప్పుడు విప్పుతాను. అక్కడ పలుకుతుంది.

తమ్ముడు